నాలుగు డిగ్రీల పెరుగన్నం

మంగతాయారు ఆ రోజు తెల్లవారుతూనే పాలన్నం కలిపి తోడు వేసింది. అలా తోడు వేసిన గిన్నెతో కారెక్కడం నేరమని ఆవిడకి తెలుసు. తెలిసే వేసింది.

ఇది నేరం ఎలా అయిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. కిందటి వేసవిలో ఒక మంత్రిగారు ఏదో పెళ్ళికి కారులో వెళుతూ దారిలో దాహం వేసి మజ్జిగ అడిగారు. అందించిన మజ్జిగ వెచ్చగా ఉంది. మంత్రిగారు ఒక గుక్క పుచ్చుకుని, దాన్ని కిటికీలోంచి ఉమ్మేసి, "ఈ రాష్ట్రంలో కారెక్కిన ప్రతి పౌరుడి గతీ ఇంతేనా!" అని ఆవేదన చెందారు. ఆయనకి కోపం వచ్చి ఉంటే ఎవడో ఒకడి బదిలీతో పోయేది. ఆవేదన కలగడంతో కమిటీ వేయాల్సి వచ్చింది.

కమిటీవారు చలిదేశాలన్నీ తిరిగొచ్చారు. అక్కడ కార్లలో తీసుకెళ్ళే రొట్టెలు, పాలు, పళ్ళు, ఆఖరికి మంచినీళ్ళు కూడా చల్లగా ఉండడం కళ్ళారా చూశారు. అందుకు కారణం ఆయా ప్రభుత్వాల చిత్తశుద్ధేనని నివేదిక రాశారు. బయట మంచు కురుస్తోందన్న సంగతి నివేదికలో లేదు. వాళ్ళని అడిగింది ఆహారం గురించి గాని వాతావరణం గురించి కాదు కదా.

నివేదిక వచ్చిన కొద్దిరోజులకే రహదారి శైత్య పరిరక్షణ మండలి పుట్టింది. కారులో ఊరు దాటే తిండీ పానీయమూ ఏదైనా సరే నాలుగు డిగ్రీలకు మించి వేడిగా ఉండకూడదు. మండలి ముద్ర వేసిన శీతల పేటికలోనే ఉండాలి. ఆ పేటిక వెనకసీటంతా ఆక్రమిస్తుంది. అందుచేత వెనకసీటు మనుషులు బస్సులో బయల్దేరి, తమ అన్నం తమకంటే హాయిగా కారులో వెళుతుంటే కిటికీలోంచి చూస్తూ ఉండేవారు. పేటికలో వేసే ఐసు కరిగితే నీరే కాబట్టి ఐసు కూడా పానీయమేనని మండలి తేల్చింది. పానీయం కనక దాన్ని చల్లగా ఉంచడానికి ఇంకో పేటిక కొనాలి. ఆవకాయ జాడీ, వేయించిన పల్లీలు, దేవుడి ప్రసాదం, ఫ్లాస్కులో కాఫీ, అన్నిటికీ ఒకటే రూలు. కాఫీని చెక్‌పోస్టు ఉద్యోగి ఒక గుక్క తాగి చూసేవాడు. అతను మొహం చిట్లిస్తే కాఫీ పాసయినట్టు.

జనం తిరగబడ్డారా అంటే, లేదు. పేటికలు కొన్నారు. ఎదురింటివాళ్ళ పేటిక కంటే పెద్దది కొన్నారు. కారు లేనివాళ్ళు కూడా ఒకటి కొని, వచ్చేపోయేవాళ్ళకి కనబడేలా వరండాలో పెట్టుకున్నారు. భీమవరంలో ఎరువుల కొట్టు నడిపే పాపారావు, అంటే మంగతాయారు మొగుడు, రెండు కొన్నాడు. కారు అద్దానికి 'చల్లగా వెళ్ళి చల్లగా రండి' అన్న మండలి వారి స్టిక్కరు కూడా అతికించాడు. ఆ స్టిక్కరు అంటించిన రోజున అతను నడిచే తీరే మారిపోయిందని మంగతాయారు ఇరుగుపొరుగుకి చెప్పి నవ్వింది.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. విశాఖపట్నంలో కాపురముంటున్న ఆవిడ అన్నకూతురు నీరజకి మూడో నెల. వేవిళ్ళు అందరికీ ఉండేవే గాని, ఈ పిల్లకి మంచినీళ్ళు తాగినా కడుపులో నిలవడం లేదు. మనిషి సగమైపోయింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే ఆస్పత్రిలో పడుకోబెట్టి సెలైన్ ఎక్కించక తప్పదని డాక్టరు చెప్పింది. ఆ మాట విన్న రోజునే నీరజ ఫోను చేసింది.

"అత్తా, మనం ఊళ్ళకెళ్ళేటప్పుడు నువ్వు కలిపి తెచ్చేదానివి చూడు, పాలన్నం. దార్లో తోడుకునేది. అదొక్కటే తినాలనిపిస్తోంది. ఫ్రిజ్ తలుపు తీస్తే చాలు, తిప్పేస్తోంది. చల్లగా ఉండేది ఏదీ నోటి దగ్గరికి కూడా రానివ్వలేకపోతున్నాను."

"ఏడవకమ్మా, పట్టుకొస్తాను," అంది మంగతాయారు. అని ఫోను పెట్టేశాక తను ఏడ్చింది.

ఆ పాలన్నం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. అన్నం మెత్తగా వండి, గరిటెతో మెదిపి, గోరువెచ్చటి పాలు దండిగా పోసి, ఒక చెంచాడు పెరుగు కలపాలి. గిన్నెకి మూత పెట్టి, తువ్వాలు చుట్టి, ఒళ్ళో పెట్టుకోవాలి. దిగే ఊరొచ్చేసరికి పులుపెక్కని కమ్మటి పెరుగన్నం తయారవుతుంది. అందులో సగం వంట మనిషిది, సగం వంట ప్రయాణానిది. చల్లటి పెట్టెలో పెడితే మాత్రం ఎంత దూరం వెళ్ళినా అది పాలన్నంగానే ఉండిపోతుంది.

"పేటికలో పెట్టవే తాయారూ. చెక్‌పోస్టు కాడ పరువు పోద్ది," అన్నాడు పాపారావు స్టీరింగు పట్టుకుని.

"మీ పరువుని పెట్టుకోండి పేటికలో, చల్లగా ఉంటాది. ఈ గిన్నె నా ఒళ్ళోంచి కదల్దు."

కారు రాజమండ్రి దాటింది, అన్నవరం దాటింది. తుని దాటిన తరవాత శైత్య తనిఖీ కేంద్రం వచ్చింది. రోడ్డుకి రెండు వైపులా గేట్లు. బయట మే నెల ఎండ తారును కరిగిస్తోంది. తనిఖీ కేంద్రం భవనంలో మాత్రం ఏసీలు మండలి గౌరవానికి తగ్గ స్థాయిలో నడుస్తున్నాయి. అందుచేత సిబ్బంది అంతా స్వెట్టర్లు వేసుకుని, మంకీ క్యాపులు పెట్టుకుని ఉన్నారు. కారు దగ్గరికి వచ్చిన తనిఖీదారు గన్నెయ్య మెడకి మఫ్లరు చుట్టుకుని, దాంతోనే ముక్కు తుడుచుకుంటున్నాడు.

"ఏటమ్మా, ఆ తువ్వాల్లో?"

"గిన్నె."

"గిన్నిలో ఏటుందీ?"

"అన్నం."

గన్నెయ్య మూత తీసి థర్మామీటరు గుచ్చాడు. చూసి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. "ముప్పై ఎనిమిది! ఇది అన్నవేటమ్మా, జొరవొచ్చిన మనిసినాగుంది. పాలన్నవా, పెరుగన్నవా? పాలన్నవైతే రెండో పట్టీ, పెరుగన్నవైతే అయిదో పట్టీ."

"ఏదీ కాదండి ఇంకా. అవుతోంది."

"అవుతోంది అన్న పట్టీ నేదమ్మా."

"లేకపోతే నేనేం చేసేదండి? అది అవుతోంది మరి."

గన్నెయ్య రూళ్ళ పుస్తకం ముందునించి వెనక్కీ, వెనకనించి ముందుకీ తిప్పాడు. మండలివారు ఆహారాన్ని అన్ని విధాలుగానూ ఊహించారు గాని, దారిలో ఒకటి ఇంకొకటిగా మారే ఆహారాన్ని ఊహించలేదు. "ముందీ సల్లపెట్టిలో పెడదాం. పైవోళ్ళొచ్చాక సూద్దారి," అని చేతులు చాచాడు. మంగతాయారు గిన్నెని రెండు చేతులా పొదివి పట్టుకుంది.

"మా మేనకోడలికి వేవిళ్ళండి. వారాల తరబడి కడుపులో మెతుకు నిలవట్లేదు. ఇది చల్లారిపోతే తోడుకోదు, తోడుకోకపోతే ఆ పిల్ల తినదు. మీకూ ఆడపిల్లలు ఉండే ఉంటారు."

గన్నెయ్యకి ఆడపిల్లలు ఉన్నారు. అతను చేతులు వెనక్కి తీసుకుని పైవాళ్ళకి ఫోను చేశాడు.

పైవాడు మండల శైత్యాధికారి గరుడాచలంగారు. భుజాన కాశ్మీరు శాలువాతో జీపు దిగి, నోట్లో ఉన్న వక్కపొడి నెమ్మదిగా నమిలి మింగి, సంగతంతా విన్నారు. ఆయన మాట్లాడితే ఫైలు మాట్లాడినట్టు ఉంటుందని ఆఫీసులో అందరూ మెచ్చుకుంటారు. ఆయన గిన్నె మూత తీసి, ఒక చెంచాను అందులో దింపి, పక్కకి వంచి చూశారు.

"సదరు పదార్థము పాలన్నత్వమును విడనాడినది. అయినను పెరుగన్నత్వమును ఇంకనూ స్వీకరించలేదు. అనగా ఇది ప్రస్తుతము ఏ పట్టీకిని చెందని నిరాశ్రయ పదార్థము."

"అంటే వదిలేసినట్టేనాండి?" అన్నాడు పాపారావు ఆశగా.

"వదలుట ఎట్లు సాధ్యము? తన స్వరూపమును తానే ప్రకటించుకొను పర్యంతము ఈ గిన్నె మండలి సంరక్షణలో ఉండవలెను. లోనికి తీసుకొని రండి."

లోపల ఏసీలు. ఆ చలిలో పెడితే పాలు పాలగానే ఉండిపోతాయి. నీరజకి ఏం చెప్పాలి? మంగతాయారు పక్కకి వెళ్ళి ఫోను చేసి, "ఇక్కడ ఆపేశారమ్మా, ఎప్పుడు వదులుతారో తెలీదు," అంది. అవతలనించి నీరజ గొంతు వినబడింది. "నేనే వస్తానత్తా. ఎలాగూ ఇంట్లోనూ వాంతులే, కారులోనూ వాంతులే. ఆయన్ని కారు తియ్యమంటున్నాను."

ఇవతల గరుడాచలంగారు గిన్నెని లోపల బల్ల మీద పెట్టించి రూళ్ళ పుస్తకం తెరిచారు. తెరవకుండా ఉంటే బాగుండేదని తరవాత ఆయనకే అనిపించి ఉండాలి. ఎందుకంటే అందులో ఒక నిబంధన ఉంది. ఆయనే రాసింది. "వివాదమందున్న పదార్థము యొక్క ఉష్ణోగ్రతను ఏ అధికారియు, ఏ కారణము చేతను మార్పు చేయరాదు." ఆయన దాన్ని పైకి చదివి, గిన్నె వైపు చూసి, ఏసీ వైపు చూశారు.

"ఏసీలు కట్టివేయుడు," అన్నారు చివరికి.

మండలి పుట్టాక ఒక శైత్య కేంద్రంలో ఏసీలు ఆపడం అదే మొదటిసారి. అక్కడ పనిచేసేవాళ్ళెవరూ ఆ గదిలో చెమట చూడలేదు. ముందు మంకీ క్యాపులు ఊడాయి, తరవాత స్వెట్టర్లు. గన్నెయ్య మఫ్లరు తీసి కుర్చీకి తగిలించాడు. "జలుబు పట్టి ఆర్నెల్లయిపోనాది, ముక్కు ఇప్పుడే ఊపిరాడతంది," అని పక్కవాడితో గుసగుసగా అన్నాడు. గిన్నె చుట్టూ తువ్వాలు చాలదేమోనని ఎవరో మండలి జెండా తెచ్చి చుట్టారు. చల్లదనాన్ని కాపాడ్డానికి జీతాలు తీసుకునే మనుషులంతా ఒక వెచ్చటి గిన్నె చుట్టూ కాపలా కూర్చున్నారు. కిటికీలోంచి గాలి వస్తోందని దాన్ని కూడా మూసేశారు.

గరుడాచలంగారు మాటిమాటికీ గిన్నెని అటూ ఇటూ ఊపి చూడబోయారు.

"కదపకండి!" అని కసిరింది మంగతాయారు. "తోడుకునేదాన్ని కదిపితే నీరు విడుద్దండి. అప్పుడు మళ్ళీ ఇంకో పట్టీ వెతుక్కోవాలి మీరు."

ఇంకో పట్టీ అనేసరికి ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆ తరవాత ఆఫీసులో అందరూ చెప్పులు విప్పి నడిచారు. ఫోను మోగితే గన్నెయ్య బయటికి పరిగెత్తి మాట్లాడాడు. మంగతాయారు పెద్దమనిషిలా కుర్చీలో కూర్చుని, ఎవరు దగ్గినా అటు ఒక చూపు చూసింది. పాపారావుకి ఆ చూపు పెళ్ళయిన నాటినించీ తెలుసు. ఇవాళ అది ప్రభుత్వోద్యోగుల మీద కూడా పనిచేస్తున్నందుకు అతను లోలోపల గర్వపడ్డాడు.

మధ్యాహ్నం దాటాక గరుడాచలంగారు మూత తీశారు. గిన్నెని ఒక పక్కకి వంచారు. లోపలిది జారలేదు, కదలలేదు, తెల్లగా, నున్నగా నిలిచి ఉంది. కమ్మటి వాసన గదంతా నిండింది. గన్నెయ్య చప్పట్లు కొట్టబోయి, పైవాడి మొహం చూసి, చేతులు నులుముకుని ఊరుకున్నాడు.

"ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది," అన్నారు గరుడాచలంగారు. "సదరు పదార్థము పెరుగన్నము."

"మీ నోటి చలవండి. వెళ్ళొస్తాం మరి," అని మంగతాయారు గిన్నె అందుకోబోయింది.

"ఆగుడు. పెరుగన్నమని తేలినందున వివాదము సమసినది. వివాదము సమసినందున అయిదవ పట్టీ వర్తించును. నాలుగు డిగ్రీలకు చల్లార్చి, ఆ పిమ్మట నిరభ్యంతరముగా తీసుకొనిపోవచ్చును. గన్నెయ్యా, పేటిక తెరువుము."

ఇంతసేపూ పట్టిన ఓపిక అంతా మంగతాయారుకి అక్కడ అయిపోయింది. "ఏవండీ, మీకేమన్నా మతి ఉందా? ఇంతసేపు దీన్ని కాపాడింది ఇప్పుడు చంపడానికా?" అని అరిచింది. గరుడాచలంగారు ఆ ప్రశ్నకి సమాధానం చెప్పే అధికారం తమకి లేదన్నారు. గన్నెయ్య గిన్నె ఎత్తుకుని పేటిక వైపు నడిచాడు. మామూలుగా నాలుగు అంగల్లో దాటే గదిని అతను ఆ రోజు ఎంత నెమ్మదిగా దాటాడంటే, మధ్యలో రెండుసార్లు ఆగి చెప్పు వెతుక్కున్నాడు.

అతను పేటికని చేరేలోపు గేటు దగ్గర కారాగింది. మొగుడు కిశోర్ చెయ్యి పట్టుకుని నీరజ దిగింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. దారిలో మూడు చోట్ల కారు ఆపాల్సి వచ్చిందని కిశోర్ చెప్పాడు. ఆ పిల్లని చూడగానే మంగతాయారుకి బుర్ర చురుగ్గా పనిచేసింది.

"అయ్యా, ఇక్కడే కూర్చుని తింటే?"

గరుడాచలంగారు ఆలోచించారు. "మండలి పరిధి ప్రయాణించు ఆహారమునకు మాత్రమే. కూర్చున్న ఆహారము ఎంత వేడిగా ఉన్నను మాకు అభ్యంతరము లేదు."

ఆ మాట పూర్తయ్యేలోపే గిన్నె గన్నెయ్య చేతుల్లోంచి మంగతాయారు చేతుల్లోకి వచ్చేసింది. సిబ్బందిలో ఎవరో కంచం ఇచ్చారు. బెంచీ మీద కూర్చుని నీరజ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. కిశోర్ అలవాటుగా తువ్వాలు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. రెండో ముద్ద. మూడో ముద్ద. నీరజ కళ్ళు మూసుకుని తింటోంది. కంచం ఖాళీ అయింది, ఏమీ కాలేదు. కాస్త సేపు చూశారు, అయినా ఏమీ కాలేదు. కిశోర్ తువ్వాలు భుజాన వేసుకుని మొహం అటు తిప్పుకున్నాడు.

నీరజ లేచి కారు వైపు రెండడుగులు వేసింది.

"ఆగుడు," అన్నారు గరుడాచలంగారు.

ఆయన మొహంలో ఒక కొత్త వెలుగు ఉంది. గన్నెయ్య చేత కొత్త థర్మామీటరు తెప్పించి నీరజ నోట్లో పెట్టించారు. తీసి చూశారు. "ముప్పై ఏడు. అయిదవ పట్టీకి చెందిన పెరుగన్నము ముప్పై ఏడు డిగ్రీల వద్ద, ముద్ర లేని సంచియందు, కారులో తరలించబడబోవుచున్నది."

"సంచేంటండీ?" అన్నాడు కిశోర్.

"వారి ఉదరము."

గన్నెయ్య తల దించుకున్నాడు. మంగతాయారు నడుముకి కొంగు బిగించింది. "అయితే తమరు జీపెక్కింది భోంచేసాండి, చెయ్యకా?"

గరుడాచలంగారి మొహంలో వెలుగు తగ్గింది. మెత్తగా, "పప్పుచారు," అన్నారు. "వంకాయ కూర."

"వేడివేడిగానా?"

ఆయన ఒప్పుకున్నట్టు తలూపారు. మనిషి అల్పుడు కాదు. చట్టం ముందు అధికారీ పౌరుడూ ఒకటేనని ప్రకటించి, తన జీపుని తానే జప్తు చేసి, వెళ్ళి బెంచీ చివర కూర్చున్నారు. అంతటితో ఊరుకోలేదు. అటూ ఇటూ వచ్చే ప్రతి కారునీ ఆపించి, లోపలివాళ్ళ నోళ్ళలో థర్మామీటర్లు పెట్టించారు. పొద్దున్న పెసరట్టు తిన్న పాపారావుతో సహా అందరి కడుపులూ చట్టవిరుద్ధమేనని తేలింది. ఏకాదశి ఉపవాసం ఉన్న పెద్దాయన ఒక్కడినే వెళ్ళనిచ్చారు. ఆయన కారు డ్రైవరు ఇడ్లీ తిన్నాడు కనక, ఆయన నడిచే వెళ్ళాడు. చూస్తుండగానే రోడ్డు రెండు వైపులా కనుచూపు మేర హారన్లు మోగాయి.

"ఈమెకు మాత్రము అవస్థను బట్టి ఒక వెసులుబాటు కలదు," అన్నారు గరుడాచలంగారు. "ఆహారము అరుగువరకు ఇచ్చట వేచి ఉండవచ్చును. లేనిచో సదరు ఆహారమును బహిర్గతము చేసి తక్షణము వెళ్ళవచ్చును. గన్నెయ్యా, బకెట్టు."

ఇన్నాళ్ళూ బకెట్టు కనబడితే చాలు, నీరజకి కడుపులో తిప్పేది. గన్నెయ్య తెచ్చి అక్కడ పెట్టి, మొహం పక్కకి తిప్పుకుని, "సెమించమ్మా," అన్నాడు. నీరజ వంగి బకెట్టులోకి చూసింది. కాసేపు అలాగే ఉంది. తరవాత నిటారుగా నిలబడింది.

"రావట్లేదండి."

"ప్రయత్నము చేయవలెను."

"చేశానండి. రావట్లేదు."

మంగతాయారు ఆ పిల్ల రెండు బుగ్గలూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది. కళ్ళనించి నీళ్ళు ధారగా కారుతుంటే తుడుచుకోను కూడా తుడుచుకోలేదు.

"అటులైన నిర్బంధము తప్పదు," అన్నారు గరుడాచలంగారు బెంచీ చివరినించి. "ముందుగా హెచ్చరించుట నా ధర్మము. ఇంకనూ భుజించిన యెడల నిర్బంధము పొడిగించబడును."

నీరజ వెళ్ళి ఆయన పక్కనే కూర్చుని, కంచం ముందుకి జరుపుకుంది.

"పొడిగించుకోండి," అంది. "అత్తా, ఇంకొంచెం పెట్టు."